బాబీ ఆర్‌కు చివరికి ఏమీ ఎందుకు మిగల్లేదు? ఒక చిన్న ఊరి హాకీ డిఫెన్స్‌మన్ వృత్తి జీవితంపై పరిశీలన

1978 నవంబరులో బాబీ ఆర్ హాకీ నుంచి విరమించుకుంటున్నట్టు ప్రకటించాడు. అప్పటికి అతని వయసు 30. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో మేటి డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నారిస్ ట్రోఫీని 1968 నుంచి 1975 దాకా వరుసగా 8 సార్లు, లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీని 3 సార్లు గెలుచుకున్నవాడు అతను. బోస్టన్ బ్రూయిన్స్ జట్టు 1970లోనూ 1972లోనూ లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ గెలవడానికి ప్రధాన కారకుడు. లీగ్ చరిత్రలో తొలిసారిగా 10 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నవాడు కూడా అతనే. అలాంటి మనిషి ఆట మానేసిన కొద్దికాలానికి లెక్కలు తీయించుకుంటే, ఉన్న ఆస్తి కన్నా కట్టవలసిన పన్నులూ బాకీలూ ఎక్కువని తేలింది.

ఇలా ఎందుకు జరిగిందని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. మోకాలు పాడైంది, ఏజెంటు మోసం చేశాడు. రెండూ నిజమే. అయితే వీటిని వేర్వేరుగా వచ్చిపడిన దురదృష్టాలుగా చూస్తే అసలు సంగతి అందదు. ఒక చిన్న ఊరి కుర్రవాడు వృత్తి ఆటగాడిగా మారే దారిని ఆనాటి హాకీ ఎలా అమర్చిందో, ఆ దారిలో ప్రతి మలుపులోనూ అతని తరఫున నిర్ణయం తీసుకునే అధికారం ఎవరి చేతిలో ఉండేదో చూస్తే తప్ప, అంతటి ఆటగాడు తన జీవితంలోని అతి పెద్ద ఒప్పందంలో ఏముందో తెలియకుండా ఎలా సంతకం చేశాడన్నది అర్థం కాదు.

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానమూ ధ్యాన్‌చందూ గుర్తుకొస్తారు కాబట్టి, ఈ ఆట గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఇది మంచు మీద స్కేట్స్ కట్టుకుని ఆడే ఆట. లీగ్ ప్రమాణాల ప్రకారం రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. బంతికి బదులు 3 అంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉండే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. ఒక్కో జట్టుకు గోల్‌కీపర్ కాక ఐదుగురు మంచు మీద ఉంటారు. వారిలో ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు. 1960ల నడుమ దాకా డిఫెన్స్‌మన్ పని చాలావరకు స్థిరపడిపోయి ఉండేది. తన గోల్ ముందు నిలబడాలి, వచ్చేవాడిని శరీరంతో అడ్డుకోవాలి, దూసుకొచ్చే పక్‌కు ఒళ్లు అడ్డం పెట్టాలి, పక్ చిక్కితే ముందున్న ఫార్వర్డ్‌కు అందించి వెనుకనే ఉండిపోవాలి. మాంట్రియల్ ఆటగాడు డగ్ హార్వీ వంటి మేధావులు ఆట వేగాన్ని వెనుక నుంచే నియంత్రించినా, గోల్స్ చేయడం మాత్రం ఇతరుల పనిగానే ఉండేది. ఒక సీజన్‌లో డిఫెన్స్‌మన్ చేసిన అత్యధిక గోల్స్ 20. 1944-45లో ఫ్లాష్ హాలెట్ నెలకొల్పిన ఆ రికార్డు రెండు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

బాబీ ఆర్ 1948 మార్చి 20న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, జార్జియన్ బే ఒడ్డున ఉన్న పారీ సౌండ్‌లో పుట్టాడు. టొరంటోకు ఉత్తరాన రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ ఊళ్లో జనం కొద్ది వేలు మాత్రమే. తండ్రి డగ్ పేలుడు పదార్థాల కర్మాగారంలో కార్మికుడు. ఐదుగురు పిల్లల ఇల్లు. శీతకాలంలో సెగ్విన్ నది గడ్డకడితే పిల్లలంతా దాని మీదే ఆడేవారు. ఎవరి దగ్గర పక్ ఉంటే మిగిలినవాళ్లంతా వాడి వెంట పడడమే ఆ ఆట, అందులో స్థానాలూ ఉండవు, నియమాలూ ఉండవు. నలుగురి మధ్య నుంచి పక్ పోగొట్టుకోకుండా బయటపడే విద్య అక్కడే అబ్బిందని ఆర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఊళ్లో అతనికి దొరికిన శిక్షకుడు కూడా మామూలువాడు కాదు. బకో మెక్‌డొనాల్డ్ ఒకప్పుడు ఇదే లీగ్‌లో డిఫెన్స్‌మన్‌గా ఆడినవాడు, తర్వాత ఆ ప్రాంతం నుంచి కెనడా పార్లమెంటుకు ఎన్నికైనవాడు. సన్నగా, వేగంగా ఉండే ఈ కుర్రాడిని చూసిన వారెవరైనా ఫార్వర్డ్‌గా ఆడించేవారు, తండ్రి ఆలోచన కూడా అదే. మెక్‌డొనాల్డ్ మాత్రం అతన్ని డిఫెన్స్‌లోనే నిలబెట్టి, పక్ దొరికినప్పుడు ముందుకు దూసుకుపోవడానికి స్వేచ్ఛ ఇచ్చాడు. ఆర్ ఆట తీరుకు మూలం ఈ ఒక్క నిర్ణయమే అనిపిస్తుంది. వెనుక నుంచి బయలుదేరే ఆటగాడికి మైదానమంతా కళ్లముందు ఉంటుంది, ఎవరెక్కడ ఉన్నారో చూసుకుని వేగం అందుకోవచ్చు. ఫార్వర్డ్‌కు ఆ వెసులుబాటు ఉండదు.

1961 వసంతంలో ఒంటారియోలోని గనానోక్వే అనే మరో చిన్న ఊళ్లో బాలల పోటీలు జరిగాయి. బోస్టన్ బ్రూయిన్స్ ప్రతినిధులు అక్కడికి వచ్చింది వేరే ఇద్దరు పిల్లలను చూడడానికి. తిరిగి వెళ్లేటప్పుడు వారి మనసులో ఉన్నది మాత్రం 12 ఏళ్లు దాటిన ఈ పారీ సౌండ్ కుర్రాడే. ఆ తర్వాత జరిగిన విషయాలు అప్పటి హాకీ నడిచే తీరుకు అద్దం పడతాయి. బోస్టన్ క్లబ్ పారీ సౌండ్ బాలల హాకీకి ఏటా 1,000 డాలర్ల సాయం మొదలుపెట్టింది. క్లబ్ మనిషి రెన్ బ్లెయిర్ ఆ ఇంటికి పదేపదే వచ్చి వెళ్లేవాడు. 1962లో, బాబీకి 14 ఏళ్లప్పుడు, తల్లిదండ్రులు సంతకం చేశారు. బదులుగా కొంత సొమ్ము, ఒక కారు, ఇంటి గోడలకు కొత్త పూత పెట్టిస్తామన్న హామీ దక్కాయి.

ఆ సంతకం పడిన కాగితాన్ని సీ ఫారం అనేవారు. అప్పట్లో లీగ్‌లో ఉన్నవి 6 జట్లే, మొత్తం మీద 120 మందికి అటూ ఇటూగా మాత్రమే చోటు. కెనడా నలుమూలల ఉన్న జూనియర్ జట్లను ఈ 6 క్లబ్బులే పోషించేవి. సీ ఫారం మీద సంతకం పడిందంటే ఆ కుర్రవాడు పెద్దయ్యాక వృత్తి ఆటగాడిగా ఆడే హక్కు మొత్తం ఆ ఒక్క క్లబ్‌దే. ఎప్పుడు పిలవాలో, అసలు పిలవాలో వద్దో క్లబ్ ఇష్టం. పిలవకపోయినా అతను మరో క్లబ్‌కు వెళ్లడానికి లేదు. పెద్దయ్యాక చేసుకునే ఒప్పందంలోనూ ఇదే బంధం కొనసాగేది, గడువు ముగిసినా ఆటగాడు ఆ క్లబ్ సొత్తుగానే ఉండేవాడు. మైనారిటీ తీరని పిల్లవాడి జీవితకాల శ్రమను ఇంటి గోడల పూతకు ముడిపెట్టడం ఇప్పుడు మనకు దారుణంగా కనిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని అన్యాయమనుకోలేదు, ఊళ్లో అది పండుగలాంటి వార్త. సంతకం చేయమన్నవాళ్లు నమ్మదగిన పెద్దమనుషులనీ, వివరాలు వాళ్లు చూసుకుంటారనీ ఆ కుటుంబం అనుకుంది. ఈ అలవాటు తర్వాత కూడా పోలేదు, నమ్మిన మనుషులు మాత్రమే మారారు.

అదే ఏడాది ఆర్ ఒషావా జనరల్స్ అనే జూనియర్ జట్టులో చేరాడు. తోటివాళ్లకు 18, 19, 20 ఏళ్లు, ఇతనికి 14. ఇల్లు వదిలి ఉండడానికి తల్లి ఒప్పుకోలేదు, కాబట్టి మొదటి ఏడాది బడి పారీ సౌండ్‌లోనే. వారాంతాల్లో మూడు గంటలు కారులో వెళ్లి మ్యాచ్ ఆడి, అదే దారిన తిరిగి రావడం. జట్టుతో కలిసి సాధన చేసే వీలే ఉండేది కాదు. మరుసటి ఏడు నుంచి ఒషావాలో వేరే కుటుంబంతో ఉంటూ చదువుకున్నాడు.

ఈ దశలోనే అలన్ ఈగిల్‌సన్ రంగం మీదికి వచ్చాడు. టొరంటోలో న్యాయవాది, ఒంటారియో శాసనసభ సభ్యుడు, చొరవా మాటకారితనమూ ఉన్న యువకుడు. కొడుకు ఒప్పందం సంగతి చూడమని డగ్ ఆర్ అతన్ని అడిగాడు. అప్పటికి హాకీలో ఏజెంటు అనే వృత్తే దాదాపు లేదు. ఆటగాడు ఒంటరిగా మేనేజరు గదిలోకి వెళ్లి, ఆయన చెప్పిన అంకె విని, సంతకం చేసి వచ్చేవాడు. పక్కవాడి జీతమెంతో ఎవరికీ తెలియదు.

ఆ జీతాలు ఎంత ఉండేవో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. ఒంటారియోలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల్లో టిమ్ హార్టన్స్ కాఫీ తాగనివాళ్లు ఉండరు, అందులో పని చేసి ఖర్చులు వెళ్లదీసుకునేవాళ్లూ ఎందరో ఉన్నారు. ఆ బోర్డు మీది పేరు ఒక డిఫెన్స్‌మన్‌ది. టిమ్ హార్టన్ 1930లో ఉత్తర ఒంటారియోలోని కాక్రేన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. టొరంటో మేపుల్ లీఫ్స్ 1962, 1963, 1964ల్లో వరుసగా మూడు స్టాన్లీ కప్పులు గెలిచినప్పుడు జట్టుకు మూలస్తంభం. అంతటివాడు 1964లో హామిల్టన్‌లో డోనట్ల దుకాణం తెరిచాడు, ఎందుకంటే ఆట ఆగిన మర్నాటి నుంచి ఇల్లు గడవడానికి మరో ఆధారం కావాలి. 1974లో, 44 ఏళ్ల వయసులో, ఇంకా ఆడుతూనే కారు ప్రమాదంలో చనిపోయాడు. లీగ్‌లోని పెద్ద ఆటగాళ్లలో చాలామంది ఇలాగే వేసవిలో ఏదో ఒక పని చేసుకునేవారు.

1966లో బోస్టన్ మేనేజరు హాప్ ఎమ్స్ 18 ఏళ్ల ఆర్‌కు ఏడెనిమిది వేల డాలర్ల వార్షిక జీతం ఇవ్వజూపాడు. కొత్తవాడికి ఇచ్చే మామూలు జీతం అదే. ఈగిల్‌సన్ ఒప్పుకోలేదు, అవసరమైతే కుర్రాడు కెనడా జాతీయ జట్టుకు ఆడతాడని బెదిరించాడు. చివరకు ఎమ్స్ సొంత పడవలో కూర్చుని సంతకాలు చేసిన ఒప్పందం విలువ మొదటి అంకెకు ఎన్నో రెట్లు. ఒక్క ఆటైనా ఆడని కుర్రవాడికి అంత వస్తే తమకెంత రావాలని సీనియర్లు లెక్కలు వేసుకోవడం మొదలైంది. ఆ మేరకు ఈగిల్‌సన్ చేసిన మేలు కాదనలేనిది. ఈ కథను మొదటి పుట నుంచీ దుర్మార్గుడి కథగా చెప్పేవారు ఇక్కడే తడబడతారు. అతన్ని ఆటగాళ్లు గుడ్డిగా నమ్మడానికి కారణాలున్నాయి.

ఆ కారణాల్లో ఒకటి అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంది. ఆ ఊరి చిన్న లీగ్ జట్టుకు యజమాని ఎడ్డీ షోర్. 1930లలో బోస్టన్‌కు ఆడిన మహా డిఫెన్స్‌మన్ అతను, హార్ట్ ట్రోఫీని 4 సార్లు గెలిచినవాడు. యజమాని అయ్యాక మాత్రం ఆటగాళ్లపై అడ్డగోలు జరిమానాలు, సస్పెన్షన్లతో విరుచుకుపడేవాడు. 1966 డిసెంబరులో ఆటగాళ్లు మొరాయించి, తమ తరఫున మాట్లాడడానికి ఈగిల్‌సన్‌ను పిలిపించారు. షోర్ పట్టు సడలక తప్పలేదు. దీనికి దాదాపు పదేళ్ల ముందు, 1957లో, టెడ్ లిండ్సే, డగ్ హార్వీ తదితరులు ఆటగాళ్ల సంఘం పెట్టబోతే యజమానులు దాన్ని అణచివేశారు. డెట్రాయిట్ నుంచి లిండ్సేనూ, టొరంటో నుంచి డిఫెన్స్‌మన్ జిమ్మీ థామ్సన్‌నూ అప్పట్లో అట్టడుగున ఉన్న షికాగోకు పంపేశారు. అలాంటి చోట 1967 జూన్‌లో సంఘం ఏర్పడి యజమానుల గుర్తింపు పొందడం చిన్న విషయం కాదు. దానికి కార్యనిర్వాహక అధిపతిగా ఈగిల్‌సన్ కుదురుకున్నాడు. అప్పుడే లీగ్ కూడా 6 జట్ల నుంచి 12కు విస్తరించింది.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. అతను సంఘానికి అధిపతి, అదే సమయంలో డజన్ల కొద్దీ ఆటగాళ్లకు వ్యక్తిగత ఏజెంటు. తర్వాత సోవియట్ జట్టుతో 1972లో జరిగిన సిరీస్, 1976లో మొదలైన కెనడా కప్ వంటి అంతర్జాతీయ పోటీలకూ నిర్వాహకుడయ్యాడు. క్లబ్ యజమానులతో, ముఖ్యంగా షికాగో యజమాని బిల్ విర్ట్జ్‌తో, గాఢమైన స్నేహం పెంచుకున్నాడు. ఆటగాడి తరఫున యజమానితో తలపడవలసినవాడు ఆ యజమానితోనే చెలిమి చేస్తూ, పోటీల లాభాలు పంచుతూ, పింఛను నిధి చర్చల్లో ఇరుపక్షాలకూ పెద్దమనిషిగా కూర్చుంటే, అతను ఏ క్షణంలో ఎవరి కోసం మాట్లాడుతున్నాడో చెప్పగలిగేవారెవరు? దీనికి వ్యక్తి నిజాయితీ ఒక్కటే విరుగుడు కాదు, నిజాయితీపరుడైనా ఆ కుర్చీలన్నీ ఒక్కడికి ఇవ్వకూడదు.

ఇక ఆట సంగతి. ఆర్ మొదటి సీజన్ 1966-67లోనే ఉత్తమ నూతన ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. 1968-69లో 21 గోల్స్‌తో హాలెట్ రికార్డును దాటాడు. మరుసటి ఏడు 33 గోల్స్, 87 అసిస్ట్‌లు (తోటివాడి గోల్‌కు దారితీసిన పాస్‌లు) కలిపి 120 పాయింట్లతో మొత్తం లీగ్‌లోనే ప్రథముడయ్యాడు. ఒక డిఫెన్స్‌మన్ పాయింట్ల పట్టికలో మొదటి స్థానంలో నిలవడం అదే తొలిసారి, 1974-75లో మళ్లీ నిలిచిందీ అతనే. ఆ ఘనత మరే డిఫెన్స్‌మన్‌కూ నేటికీ దక్కలేదు. అయితే నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే అంకె 1970-71 నాటి ప్లస్ 124. ప్రధానంగా ఇరుజట్లూ సమాన బలంతో ఆడుతున్నప్పుడు, ఒక ఆటగాడు మంచు మీద ఉండగా అతని జట్టు చేసిన గోల్స్‌లోంచి ఎదుటి జట్టు చేసినవి తీసేస్తే వచ్చేదే ఈ సంఖ్య. వెనుక కాయవలసినవాడు ముందుకు పరుగెడితే గోల్ బోసిపోతుందన్న పాత భయానికి ఇంతకన్నా గట్టి సమాధానం లేదు. ఆ సంఖ్య నేటికీ లీగ్ రికార్డు.

ముందుకు దూకడంలోని ప్రమాదమూ ఫలమూ రెండూ 1970 మే 10న బోస్టన్‌లో ఒకే ఒక్క ఆటలో కనిపిస్తాయి. సెయింట్ లూయిస్‌తో ఫైనల్ నాలుగో మ్యాచ్, అదనపు సమయం మొదలై 40 సెకన్లయినా కాలేదు. ప్రత్యర్థులు తమ చివరి నుంచి కుడి గోడ వెంబడి పక్‌ను బయటికి తోయబోయారు. ఆర్ వెనక్కి తగ్గకుండా ముందుకు దూకి దాన్ని అక్కడే ఆపి, గోల్ వెనుక ఉన్న డెరెక్ శాండర్సన్‌కు నెట్టి, తాను గోల్ వైపు కదిలాడు. పక్ అతన్ని దాటిపోయి ఉంటే బ్రూయిన్స్ గోల్ మీదికి ఎదుటివాళ్లు గుంపుగా వచ్చిపడేవారు, కాపాడవలసిన డిఫెన్స్‌మన్ మాత్రం అవతలి చివర ఉండిపోయేవాడు. శాండర్సన్ తిరిగి అందించిన పక్‌ను గోల్‌కీపర్ గ్లెన్ హాల్ కాళ్ల సందులోంచి గోల్‌లోకి పంపాడు. అదే క్షణంలో ప్రత్యర్థి నోయెల్ పికార్డ్ కర్ర కాలికి తగిలి గాల్లోకి లేచాడు. చేతులు చాచి గాల్లో అడ్డంగా ఉన్న అతన్ని రే లూసియే తీసిన ఫొటో హాకీలో అందరూ ఎరిగినది. బోస్టన్‌కు 1941 తర్వాత అదే మొదటి కప్పు.

ఇలాంటి ఆటకు శరీరం చెల్లించే మూల్యం వేరే. గోల్ ముందు నిలబడే డిఫెన్స్‌మన్ దెబ్బలు ఎక్కువగా ఎదురుగా వస్తాయి, వాటికి అతను సిద్ధంగా ఉంటాడు. పూర్తి వేగంతో నలుగురి మధ్య నుంచి దూరుతూ, ఒంటి కాలి మీద మెలికలు తిరుగుతూ పోయేవాడికి దెబ్బ పక్క నుంచి, తరచుగా మోకాలి ఎత్తులో తగులుతుంది. బరువంతా మోస్తున్న కాలు మంచులో పాతుకుని ఉండగా పైశరీరం వేరే దిక్కుకు తిరిగితే, తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ మెత్తలా ఉండే మృదులాస్థి నలిగి చిరుగుతుంది. 18 ఏళ్లకే ఆర్ ఎడమ మోకాలికి దెబ్బ తగిలింది. 1967-68లో గాయాల వల్ల ఆడింది 46 మ్యాచ్‌లే, నారిస్ ట్రోఫీ మాత్రం ఆ ఏడే మొదటిసారి వచ్చింది.

అప్పటి వైద్యం పరిమితి కూడా లెక్కలోకి తీసుకోవాలి. సన్నని గొట్టంలాంటి పరికరంతో లోపల చూస్తూ చిరిగిన ముక్కను మాత్రమే సరిచేసే ఆర్థ్రోస్కోపీ అప్పటికి అందరికీ అందలేదు. మోకాలిని కోసి తెరవడం, చిరిగిన మృదులాస్థిని తీసేయడం, కట్టు కట్టి వారాల తరబడి కదలకుండా ఉంచడం, అదే చికిత్స. మెత్త పోయాక ఎముక ఎముకకు రాసుకుంటుంది, అరుగుతుంది, ముక్కలు రాలుతాయి, మళ్లీ కోత. ఎడమ మోకాలికి డజనుకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. సోవియట్ జట్టుతో 1972లో ఆడిన చారిత్రక సిరీస్‌కు ఆ మోకాలి వల్లే దూరమయ్యాడు. 1975-76లో బోస్టన్‌కు ఆడింది 10 మ్యాచ్‌లు. ఆ వెంటనే 1976 కెనడా కప్‌లో, సరిగా నడవలేని కాలితో ఆడి, ఆ పోటీ మొత్తానికి మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. మిగిలి ఉన్న కొద్దిపాటి మోకాలు ఆ ఏడు మ్యాచ్‌లలో కరిగిపోయిందని చాలామంది అంటారు. దేశం తరఫున ఒక్కసారైనా ఆడాలన్న అతని పట్టుదలను తప్పు పట్టడానికి నాకైతే మనసొప్పదు.

ఈ నేపథ్యంలోనే 1976 వేసవి నాటి ఒప్పందాన్ని చూడాలి. అంతకు ముందరి ఒప్పందం 1971లో కుదిరింది, ఏటా 2 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్లు. దాని గడువు తీరింది. మోకాలి స్థితి ఊరందరికీ తెలుసు. అంటే అతనికి ఇక మీదట ఆట ద్వారా వచ్చే ఆదాయం అనిశ్చితం. అలాంటి ఆటగాడికి అన్నిటికన్నా విలువైనది ఆడినా ఆడకపోయినా నిలిచే ఆస్తి. సరిగ్గా అలాంటిదే బోస్టన్ ఇవ్వజూపిన ప్రతిపాదనలో ఉంది. జీతంతో పాటు, 1980లో క్లబ్ యాజమాన్యంలో 18.5 శాతం వాటా. ఆర్ షికాగో బ్లాక్ హాక్స్‌తో సంతకం చేశాడు. బోస్టన్ తనను వద్దనుకుంటున్నదని ఈగిల్‌సన్ చెప్పాడనీ, వాటా సంగతి తనకు చెప్పనేలేదనీ అతని మాట. తాను చెప్పాననే ఈగిల్‌సన్ వాదిస్తూ వచ్చాడు. ఆనాడు బోస్టన్ పత్రికల్లో ఈ వాటా గురించి వార్తలు వచ్చాయి కూడా. కానీ ఆర్ నమ్మింది పత్రికలను కాదు, అన్నలా భావించిన మనిషిని. షికాగో యజమాని ఈగిల్‌సన్‌కు ప్రాణమిత్రుడన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఇటీవలి ఫోర్బ్స్ అంచనాల్లో బ్రూయిన్స్ విలువ 100 కోట్ల డాలర్లు దాటింది, ఆ వాటా విలువెంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

షికాగోకు మూడు సీజన్లలో అతను ఆడింది 26 మ్యాచ్‌లు. ఒక సీజన్ మొత్తం ఆడనే లేదు. తనకు జీతం ఇచ్చేది ఆడడానికి కాబట్టి ఆడకుండా తీసుకోనంటూ షికాగో ఇచ్చిన జీతం చెక్కులను మార్చుకోలేదు. నన్ను ఈ కథలో అన్నిటికన్నా కలచివేసేది ఇదే. ఒప్పందం ప్రకారం ఆ డబ్బు అతనికి న్యాయంగా రావలసినదే, ఆ సంగతి చెప్పవలసిన ఏజెంటు పక్కనే ఉన్నాడు. తర్వాత బాకీ కోసం క్లబ్‌తో వివాదపడి, రావలసిన దానికన్నా తక్కువకు రాజీ పడవలసి వచ్చింది.

1980లో ఆర్ ఈగిల్‌సన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. మిగిలిన ఆటగాళ్లకు విషయం బోధపడడానికి మరో పదేళ్లు పట్టింది. ఒకప్పటి టొరంటో డిఫెన్స్‌మన్ కార్ల్ బ్రూవర్ తన పింఛను ఇంత తక్కువ ఎందుకని పట్టువిడవకుండా అడుగుతూ పోయాడు. నిధిలో మిగులుగా తేలిన సొమ్మును క్లబ్బులు తమ ఖాతాలో వేసుకోవడం చెల్లదని 1992లో ఒంటారియో న్యాయస్థానం తీర్పు ఇచ్చింది, ఆ తీర్పే చివరిదాకా నిలిచింది. మరోవైపు మసాచుసెట్స్‌లోని ఒక చిన్న పట్టణ దినపత్రిక క్రీడావిలేకరి రస్ కాన్వే 1991 నుంచి సంఘం లెక్కలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. 1994లో అమెరికాలో అభియోగాలు నమోదయ్యాయి. 1998 జనవరిలో ఈగిల్‌సన్ బోస్టన్‌లోనూ టొరంటోలోనూ మోసం నేరాలను అంగీకరించాడు. 10 లక్షల కెనడా డాలర్ల జరిమానా, 18 నెలల జైలు పడ్డాయి, అందులో గడిపింది ఆరు నెలలు. ఈ నేరాలు ప్రధానంగా సంఘం సొమ్ముకూ అంతర్జాతీయ పోటీల ఆదాయానికీ సంబంధించినవి, 1976 నాటి ఆర్ ఒప్పందం మీద వచ్చిన శిక్ష కాదు. అతని పేరు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంటే తమ పేర్లు తీసేయమని ఆర్, మరికొందరు మేటి ఆటగాళ్లు పట్టుబట్టడంతో ఈగిల్‌సన్ తానే అక్కడి నుంచి తప్పుకున్నాడు.

ఆర్ మాత్రం చేదు మింగి మూలన కూర్చోలేదు. కంపెనీల ప్రచారకర్తగా పనిచేస్తూ ఆర్థికంగా మళ్లీ నిలదొక్కుకున్నాడు. 1990లలో తానే ఆటగాళ్ల ఏజెంటు అయ్యాడు. ఇప్పుడు సీ ఫారాలు లేవు, కుర్రవాళ్ల హక్కులను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ద్వారా పొందుతాయి, ఏజెంట్లకు ఆటగాళ్ల సంఘం గుర్తింపు ఉండాలి, జీతాలు అందరికీ తెలుస్తాయి. అయినా ఒంటారియోలో పదిహేను, పదహారేళ్ల పిల్లలు నేటికీ ఇల్లు వదిలి పరాయి ఊళ్లో మరో కుటుంబంతో ఉంటూ జూనియర్ హాకీ ఆడుతున్నారు. 2012లో కానర్ మెక్‌డేవిడ్ 15 ఏళ్లకే ప్రత్యేక అనుమతితో అలా ఈరీ జట్టుకు వెళ్లాడు. మూడేళ్ల తర్వాత ఎడ్మంటన్ అతన్ని డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంచుకుంది. అప్పుడు ఆ కుర్రవాడి తరఫున క్లబ్‌తో మాట్లాడిన సంస్థ బాబీ ఆర్‌ది.